భుజం ఎముక ముక్కలైతే: ఆపరేషన్ ఎప్పుడు, ఏది, చేయి ఎంతవరకు లేస్తుంది

ఒకే ఎక్స్-రే చూసి ఒక సర్జన్ ప్లేటు వేయాలంటారు. ఇంకొకరు కీలే మార్చాలంటారు. మూడోవారు స్లింగ్ వేసి కొన్ని వారాలు ఆగుదామంటారు. ముగ్గురిలో ఎవరో తప్పు చెబుతున్నారని ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. చాలాసార్లు ముగ్గురి మాటకూ ఆధారం ఉంటుంది. ముగ్గురూ ఎముకలోని వేర్వేరు ముక్కల గురించి ఆలోచిస్తుంటారు, అంతే. ఎక్స్-రేలో చూపు ముందు పడేది గుండ్రటి తల మీద. కానీ చేయి మళ్లీ లేస్తుందా లేదా అన్నది ఎక్కువగా తేల్చేవి ఆ తల పక్కనున్న రెండు చిన్న బుడిపెలు. ఏ చికిత్స గురించి చదివినా వాటి సంగతేమిటని చూస్తూ పోతే ఈ చిక్కు సగం వీడుతుంది.

భుజాన్ని పట్టి ఉంచేది ఏది

మోచేయి నుంచి భుజం దాకా ఉండే ఎముక హ్యూమరస్. దాని పైకొన గుండ్రటి తలలా ఉండి, రెక్క ఎముకలోని గిన్నెకు ఆని తిరుగుతుంది. తుంటిలో గిన్నె లోతుగా ఉండి బంతిని పట్టుకుంటుంది. భుజంలో గిన్నె లోతు తక్కువ కాబట్టి ఆ పట్టు ఎముకలో లేదు. తలను గిన్నెలో నొక్కి ఉంచే పని రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలది. వాటిలో మూడింటి స్నాయువులు తలకు బయటివైపున్న పెద్ద బుడిపె మీద, నాలుగోది ముందువైపున్న చిన్న బుడిపె మీద అతుక్కుని ఉంటాయి. భుజం మీద కప్పులా ఉండే డెల్టాయిడ్ కండరం చేతిని పైకి లాగుతుంది. అదే సమయంలో కఫ్ తలను గిన్నెలో బిగించి ఉంచాలి. ఉంచకపోతే తల పైకి జారి, భుజం కొసన ఉండే అక్రోమియన్ అనే ఎముకకు తగులుతుంది. చేయి అక్కడే ఆగిపోతుంది.

పైకొన విరిగినప్పుడు ముక్కలు ఎటు పడితే అటు పోవు. పెద్ద బుడిపెను దాని కండరాలు పైకీ వెనక్కీ లాగుతాయి. చిన్న బుడిపె లోపలివైపుకు పోతుంది. కింద మిగిలిన పొడవాటి ఎముకను, అంటే కాడను, ఛాతీ కండరం ముందుకు, ఛాతీ వైపుకు లాగుతుంది. అందుకే మొదటి రోజు బాగానే కనిపించిన విరుపు పది రోజుల తర్వాతి ఎక్స్-రేలో జరిగి ఉండవచ్చు. మొదటి మూడు వారాల్లో ఒకటి రెండుసార్లు ఎక్స్-రే మళ్లీ తీయించడం అందుకే.

పెద్దవాళ్లలో వచ్చే ఎముక విరుపులన్నిటిలో ఈ పైకొన విరుపులు సుమారు 5–6 శాతం. ఎముక గుల్లబారిన వయసులో నిలుచున్న చోటే పడినా ఈ ఎముక విరుగుతుంది. యువకుల్లో విరగాలంటే వాహన ప్రమాదం లాంటి పెద్ద దెబ్బ తగలాలి. ఈ రెండు గుంపులకూ ఒకే సూత్రం వర్తింపజేయడం వల్ల సగం గందరగోళం పుడుతోంది.

‘నాలుగు ముక్కలు’ అంటే నాలుగు పగుళ్లు కాదు

అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ 1970లో ప్రతిపాదించిన వర్గీకరణే ఇప్పటికీ వాడుకలో ఉంది. తల, పెద్ద బుడిపె, చిన్న బుడిపె, కాడ అని ఆయన నాలుగు భాగాలు చేశారు. ఒక భాగం 1 సెంటీమీటరు కంటే ఎక్కువ తొలగినా, 45 డిగ్రీలు దాటి వంగినా దాన్ని విడి ముక్కగా లెక్కిస్తారు. అంతకు లోపు ఉన్న పగుళ్లు లెక్కలోకి రావు.

ఉదాహరణకు, ఒకరి స్కాన్‌లో ఎముక మెడ (తలకూ కాడకూ మధ్య భాగం) విరిగి కాడ 1.5 సెంటీమీటర్లు జరిగింది. పెద్ద బుడిపె కూడా పగిలింది, కానీ 3 మిల్లీమీటర్లే కదిలింది. చిన్న బుడిపె మీద గీత మాత్రమే ఉంది. రిపోర్టులో మూడు పగుళ్లు కనిపించినా నీర్ లెక్క ప్రకారం ఇది రెండు ముక్కల విరుపే. ‘ఎముక మూడు చోట్ల విరిగింది’ అని విని బెదిరిపోయేవారికి ఈ తేడా తెలియాలి.

ఈ కొలతలకు పరిమితి ఉంది. ఒకే చిత్రాన్ని ఇద్దరు నిపుణులకు చూపిస్తే ముక్కల సంఖ్య మీద ఏకాభిప్రాయం తరచూ కుదరదు. పెద్ద బుడిపె విషయంలో 1 సెంటీమీటరు అన్న హద్దు మరీ ఉదారమని చాలామంది భావన. అది 5 మిల్లీమీటర్లు పైకి జరిగినా అక్రోమియన్ కింద ఒరుసుకుని చేతిని అడ్డుకుంటుంది. తల మీదకు చేతులెత్తి పనిచేసేవారి విషయంలో 3 మిల్లీమీటర్లకే ఆలోచించే సర్జన్లూ ఉన్నారు. కాబట్టి తొలగింపు ఎక్కువగా కనిపిస్తే సీటీ స్కాన్ తీస్తారు. ఎక్స్-రేలలో చంక వైపు నుంచి తీసే చిత్రాన్ని వదిలేయకూడదు. వెనక్కి జారిన తల ముందునుంచి తీసిన చిత్రంలో సరిగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది.

తలకు రక్తం అందుతోందా

తల ఎముకకు రక్తం బుడిపెల పక్కనుంచి, మెడ వెనుకనుంచి వెళ్లే సన్నని నాళాల ద్వారా చేరుతుంది. విరుపు ఆ దారులను తెంచితే తల ఎండిపోయి, నెలల తర్వాతో, రెండు మూడేళ్లకో కుంగిపోవచ్చు. స్విట్జర్లాండ్ సర్జన్ రాల్ఫ్ హెర్టెల్ బృందం 2004లో దీన్ని ముందుగా ఊహించే గుర్తులు చెప్పింది. తలతో పాటు లోపలి అంచున మిగిలిన ఎముక కొన 8 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండటం, ఆ లోపలి అంచు 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ జరగడం, విరుపు సరిగ్గా తల మొదట్లోనే ఉండటం ఆ గుర్తులు. మూడూ కలిస్తే ఆ క్షణాన తలకు రక్తం అందడం లేదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ రోజు రక్తం లేని తలలన్నీ తర్వాత చచ్చిపోలేదని అదే బృందం కొన్నేళ్లకు చూపించింది. కొన్నింటికి రక్తం తిరిగి వచ్చింది. అంతేకాదు, బుడిపెలు తమ చోట అతుక్కుని ఉంటే, తల కొంత కుంగినా చేయి పనికొచ్చేలానే ఉండవచ్చు. కాబట్టి ‘తల బతకదు’ అన్న ఒక్క కారణంతో నడివయసు రోగికి కీలు మార్చడానికి తొందరపడరు.

స్లింగ్‌తో సరిపోయేవి, సరిపోనివి

పైకొన విరుపుల్లో ఎక్కువ భాగానికి ఆపరేషన్ అవసరం లేదు. తొలగినవాటి సంగతే వివాదం. బ్రిటన్‌లో జరిగిన ప్రోఫర్ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. 250 మందిలో సగం మందికి ఆపరేషన్, సగం మందికి స్లింగ్. భుజం పనితీరును 48కి లెక్కించే ఆక్స్‌ఫర్డ్ స్కోరులో రెండేళ్ల సగటు ఆపరేషన్ చేసినవారికి 39.07, చేయనివారికి 38.32. అంటే తేడా లేనట్టే. ఇలాంటి ట్రయళ్లన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష కూడా 2022లో ఇదే చెప్పింది: తొలగిన విరుపుల్లో ఆపరేషన్ వల్ల ఏడాది, రెండేళ్ల దగ్గర అదనపు మేలు కనిపించలేదు.

దీన్ని ‘భుజానికి ఆపరేషన్లు దండగ’ అని చదివితే తప్పు. ప్రోఫర్‌లో సగటు వయసు 66. నాలుగు ముక్కల విరుపులు 250లో 11 మాత్రమే. తల గిన్నె నుంచి జారిపోయినవారిని, సర్జన్లు ఆపరేషన్ తప్పదనుకున్నవారిని ట్రయల్‌లోకి తీసుకోలేదు. తల రెండుగా చీలినా, విరుపుతో పాటు కీలు జారినా, చర్మం చీలి ఎముక బయటపడినా, రక్తనాళం తెగినా స్లింగ్ చాలదన్న విషయంలో పెద్ద వివాదం లేదు. వివాదం మధ్యలో ఉన్నవాటి గురించే.

ప్లేటు, స్క్రూలు: ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ ఓడిపోతాయి

ఇప్పుడు వాడే లాకింగ్ ప్లేటులో స్క్రూ తలకాయకు కూడా మరలుంటాయి. అది ప్లేటులోనే బిగుసుకుంటుంది కాబట్టి మెత్తటి ఎముకలో కూడా కోణం మారకుండా నిలవాలి. సాధారణంగా రోగిని సగం కూర్చోబెట్టిన భంగిమలో, డెల్టాయిడ్‌కు ఛాతీ కండరానికి మధ్య సందులోంచి వెళ్లి ముక్కలను చేరతారు. ముందుగా బుడిపెలకు అతుక్కున్న స్నాయువుల్లోంచి గట్టి దారాలు వేస్తారు. గుల్లబారిన బుడిపె స్క్రూకు పొడి అవుతుంది, స్నాయువు మాత్రం దారాన్ని పట్టుకుంటుంది. ఆ దారాలతో ముక్కలను లాగి చోటుకు తెచ్చి, ప్లేటు రంధ్రాలకు కడతారు.

ప్లేటు పై అంచు పెద్ద బుడిపె కొసకు 5–8 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. అంతకు పైన పెడితే చేయి ఎత్తినప్పుడల్లా అక్రోమియన్‌కు తగులుతుంది. తల లోపలి కింది అంచున రెండు స్క్రూలు ఏటవాలుగా వెళ్లాలి. ఆ అంచుకు ఆసరా లేకపోతే తల లోపలికి ఒరిగిపోతుంది. ప్లేటు విఫలమయ్యే దారుల్లో ఇదే ముఖ్యమైనది. ఆసరా మరీ బలహీనంగా ఉంటే కాలి ఫిబులా ఎముక ముక్కను కాడ లోపల నిలబెట్టే పద్ధతి కూడా ఉంది.

గుల్లబారిన తల లోపల గుడ్డు పెంకులా ఉంటుంది. గట్టి ఎముక పైపొరలోనే మిగులుతుంది. పట్టు కోసం స్క్రూను ఆ పొర దగ్గరికి తీసుకెళ్లాలి, దాటనివ్వకూడదు. అక్కడే చిక్కు. తల ఒరిగినా కుంగినా, ప్లేటులో బిగుసుకున్న స్క్రూ వెనక్కి జరగదు. పైపొరను చీల్చుకుని గిన్నెను గీకుతుంది. నెలల తర్వాత చేయి తిప్పినప్పుడు కరకరమంటూ కొత్త నొప్పి మొదలైతే దీన్నే ముందు అనుమానించి వెంటనే ఎక్స్-రే తీయాలి. ఆలస్యమైతే గిన్నె పాడవుతుంది, తర్వాత చేయగలిగినవి తగ్గిపోతాయి. స్వీడన్‌లో మూడు ముక్కల విరుపులున్న 60 మంది వృద్ధుల మీద జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ప్లేటు వేసినవారిలో 30 శాతానికి ఇంకో ఆపరేషన్ అవసరమైంది. ఎముక గట్టిగా ఉండి, లోపలి అంచు సరిగా కుదిరినవారిలో, ముఖ్యంగా 60 లోపువారిలో, ప్లేటుకే ఇప్పటికీ మొదటి స్థానం.

సగం కీలు మార్పిడి ఎందుకు వెనకబడింది

విరిగిన తలను తీసేసి లోహపు తల పెట్టడం 1950ల నుంచీ ఉన్న పద్ధతి. గిన్నెను తాకరు. నొప్పి తగ్గించడంలో ఇది బాగానే పనిచేసింది. చేయి లేపడంలో మాత్రం ఫలితాలు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వచ్చాయి. కారణం మళ్లీ బుడిపెలే. వాటిని లోహపు తల చుట్టూ దారాలతో కట్టి అతికించాలి. తల ఎత్తు సరిపోవాలి (ఛాతీ కండరపు స్నాయువు పై అంచు నుంచి తల కొస దాకా సుమారు 5.6 సెంటీమీటర్లు గుర్తుగా వాడతారు), తిరిగే కోణం సరిపోవాలి. పెద్ద బుడిపె అతుక్కోకపోయినా, కరిగిపోయినా కఫ్ పనిచేయదు. అప్పుడు నొప్పి లేని, కానీ 60 డిగ్రీలు దాటని చేయి మిగులుతుంది.

రివర్స్ కీలు: బంతినీ గిన్నెనూ తారుమారు చేస్తే

ఫ్రాన్స్‌లోని డిజోన్‌కు చెందిన పాల్ గ్రామోంట్ 1985లో ఈ ఆలోచనను రూపానికి తెచ్చారు. రెక్క ఎముక గిన్నెకు లోహపు బంతి, హ్యూమరస్ పైకొనకు గిన్నె. తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరుగుతుంది. డెల్టాయిడ్ సాగి, దాని లాగుడుకు పొడవాటి మీట దొరుకుతుంది. కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చేతిని లేపగలుగుతుంది. బుడిపెలు అతుక్కోవని భయమున్న వృద్ధులకు ఇది దారి తెరిచింది.

అలాగని బుడిపెలను పారేయరు. పెద్ద బుడిపె అతుక్కుంటే చేయి బయటికి తిరుగుతుంది. అతుక్కోకపోతే చేయి పైకి లేస్తుంది గానీ, నోటి దగ్గరికి చేయి తెస్తుంటే ముంజేయి పొట్ట వైపుకు పడిపోతుంది. అన్నం తినడానికి, దువ్వుకోవడానికి ఎత్తు ఒక్కటే చాలదు.

దీనికి ప్రాణం డెల్టాయిడ్. దాన్ని నడిపే యాక్సిలరీ నరం విరుపు వల్లే దెబ్బతిని ఉండవచ్చు. భుజం బయటివైపు చర్మం మొద్దుబారిందా, డెల్టాయిడ్ బిగుసుకుంటోందా అని ఆపరేషన్‌కు ముందే, మెడ దగ్గర మత్తు సూది వేయకముందే చూసి రాసుకోవాలి. తర్వాత చూస్తే దెబ్బ ఎప్పటిదో తేలదు. ఇలాంటి నరాల దెబ్బల్లో ఎక్కువ భాగం నెలల్లో వాటంతటవే కోలుకుంటాయి. చేయి చల్లబడి మణికట్టు నాడి అందకపోతే మాత్రం అది రక్తనాళం దెబ్బ, గంటల్లో తేల్చాల్సిన పని.

నష్టాలూ ఉన్నాయి: కీలు జారడం, ఇన్ఫెక్షన్, అక్రోమియన్‌లో పగులు, రెక్క ఎముక కింది అంచు అరుగుదల. భుజంలో తరచూ కనిపించే క్యుటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి జ్వరమూ ఎర్రదనమూ లేకుండా, నెలల తరబడి వదలని నొప్పిగా, పట్టేయడంగా బయటపడుతుంది. ఒకసారి రివర్స్ పెట్టాక వెనక్కి వెళ్లే దారి ఇరుకు. కనుక 65–70 దాటినవారికే ఎక్కువగా సూచిస్తారు.

ట్రయళ్లను కలిపి చదివేటప్పుడు జారే చోటు

స్పెయిన్‌లో 70 దాటిన 62 మందిపై జరిగి 2014లో వచ్చిన అధ్యయనంలో, భుజం పనితీరును 100కి లెక్కించే కాన్‌స్టంట్ స్కోరు రివర్స్‌కు 56.1, సగం కీలుకు 40. నార్వేలో 65–85 ఏళ్ల 124 మందితో జరిగి 2020లో వచ్చిన డెల్ఫీ ట్రయల్‌లో రెండేళ్లకు రివర్స్‌కు 68, ప్లేటుకు 54.6. ఈ రెండు తేడాలూ రోగికి అనుభవంలో తెలిసేంత పెద్దవి.

ఇక్కడే ఒక తర్కం నోరూరిస్తుంది: ప్లేటు స్లింగ్‌తో సమానం, రివర్స్ ప్లేటు కంటే మేలు, కాబట్టి రివర్స్ స్లింగ్ కంటే మేలు. ఇది నిలబడదు. మొదటి మాట తేలింది ఎక్కువగా రెండు మూడు ముక్కల విరుపుల్లో. రెండోది తేలింది తీవ్రంగా తొలగిన విరుపుల్లో. గుంపులే వేరు. నేరుగా పోల్చినప్పుడు, 80 దాటినవారిపై 2019లో వచ్చిన స్పెయిన్ అధ్యయనంలో ఏడాదికి రివర్స్‌కూ స్లింగ్‌కూ మధ్య తేడా స్వల్పమే. స్లింగ్‌తో మొదలుపెట్టి, నెలలు గడిచాక నొప్పి వదలకపోతే అప్పుడు రివర్స్ చేసినా ఫలితం మరీ దిగజారదని చెప్పే పోలికలూ ఉన్నాయి. విఫలమైన ప్లేటును తీసి రివర్స్ పెట్టడం మాత్రం కష్టమైన పని: మచ్చ కణజాలం, ఇన్ఫెక్షన్ భయం, అరిగిన గిన్నె. నిజంగా చూస్తే, వృద్ధులకు వేసే ముందు ఎక్కువ ఆలోచించాల్సింది కీలు మార్పిడి గురించి కంటే ప్లేటు గురించే.

ప్లేటుకు వేచిచూసే వెసులుబాటు లేదు. రెండు వారాల్లోపు చేయడం మేలు. మూడు నాలుగు వారాలు దాటితే ముక్కలు తప్పుడు చోట అతుక్కోవడం మొదలై, విడదీయబోతే చిట్లుతాయి.

కోలుకోవడం: వారాల లెక్క ఎముకది, కండరానిది కాదు

మొదటి రోజు నుంచే వేళ్లు, మణికట్టు, మోచేయి కదపాలి. కమిలిన నలుపు మోచేతి దాకా, ఛాతీ దాకా దిగడం మామూలే. పడుకునేటప్పుడు వీపు కాస్త ఎత్తుగా ఉంచి, మోచేతి వెనక దిండు పెడితే చేయి వెనక్కి వాలదు. తొలి వారాల ఎక్స్-రేలో తల గిన్నె నుంచి కిందికి వేలాడినట్టు కనిపించి కంగారు పుట్టిస్తుంది. చాలాసార్లు అది డెల్టాయిడ్ సడలడం వల్ల, తనంతట సర్దుకుంటుంది.

ప్లేటు వేసినవారిలో మొదటి రెండు వారాల్లోనే ముందుకు వంగి చేతిని వేలాడదీసి ఊపడం, వెల్లకిలా పడుకుని రెండో చేత్తో పట్టి 90 డిగ్రీల దాకా లేపడం మొదలవుతాయి. ఆరు వారాల దాకా సొంత బలంతో లేపకూడదు. దీనికి కారణం బుడిపెలే. ఎదురు బలానికి చేతిని బయటికి తిప్పితే పెద్ద బుడిపెను, లోపలికి తిప్పితే చిన్న బుడిపెను కండరం పీకుతుంది. దారాలు ఎముకను కోసుకుంటూ జారుతాయి. ఆరో వారం ఎక్స్-రేలో అతుకు కనిపిస్తే సొంతంగా లేపడం, 10–12 వారాల తర్వాత బరువు వ్యాయామాలు. ఆపరేషన్ లేని విరుపుల్లో ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడి నిలకడగా ఉంటే, మొదటి వారంలోనే కదలిక మొదలుపెట్టినవారు మూడు వారాలు కట్టేసినవారి కంటే త్వరగా కోలుకున్నారని అధ్యయనాలు చూపాయి.

రివర్స్‌కు వేరే జాగ్రత్త ఉంది. చేతిని వెనక్కి, ఒంటికి ఆనించి, లోపలికి తిప్పే కదలికలు మూడూ కలిస్తే కీలు జారవచ్చు. కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవడం, నడుము వెనక బట్ట దోపుకోవడం అలాంటివే. వీటిని 6 నుంచి 12 వారాలు మానాలి.

అతి జాగ్రత్తా చెడుపే. కీలు బిగుసుకుపోతే మెడ కండరంతో భుజాన్ని ఎగరేసి చేయి లేపడం అలవాటవుతుంది, దాన్ని మాన్పించడం కష్టం. వేళ్లు వాచి, మెరిసి, తాకితే మంటగా ఉంటే అది మామూలు వాపు కాకపోవచ్చు. సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి సిండ్రోమ్ (CRPS) అనే సమస్య కావచ్చు, త్వరగా చూపించాలి.

53 మార్కులు తక్కువా?

కాన్‌స్టంట్ స్కోరులో నొప్పికి 15, రోజువారీ పనులకు 20, కదలికకు 40, బలానికి 25. రివర్స్ జరిగి ఏడాదైన 72 ఏళ్ల వ్యక్తిని ఊహిద్దాం. కాస్త నొప్పి: 10. ఇంటి పని, నిద్ర, నెత్తి దాకా చేయి అందడం కలిపి 15. ముందుకు 125 డిగ్రీలు లేస్తే 8, పక్కకు 115 అయితే 6, బయటికి తిరగడానికి 4, చేయి వెనక్కి పిరుదు దాకానే పోతే 2. కదలిక మొత్తం 20. చాచిన చేత్తో 8 పౌండ్లు, అంటే సుమారు 3.6 కిలోలు ఆపగలిగితే 8. అంతా కలిపి 53.

పరీక్షలో అయితే అత్తెసరు మార్కులు. కానీ ఈ వ్యక్తి తల దువ్వుకుంటారు, అల్మరాలో నడి అర నుంచి గిన్నె తీసుకుంటారు. మామూలు పనుల్లో చాలావాటికి 120 డిగ్రీల ఎత్తు సరిపోతుంది. ఇబ్బంది వీపు వెనక్కి చేయి పోవడంలోనే. రివర్స్ తర్వాత అది తరచూ తక్కువగానే తిరిగి వస్తుంది. బలానికి పూర్తి 25 రావాలంటే 11 కిలోలకు పైగా ఆపాలి; దెబ్బ తగలని 72 ఏళ్ల భుజానికీ అది గగనం. స్కోరు ఎంతొచ్చిందన్నదాని కంటే ఏ గడిలో పోయిందన్నది చూడాలి. బయటికి తిరగడంలో సున్నా వస్తే పెద్ద బుడిపె అతుక్కోలేదేమోనని ఎక్స్-రే వైపు చూస్తారు. నొప్పి గడిలో పడిపోతే స్క్రూ, ఇన్ఫెక్షన్ల వైపు చూస్తారు. మెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో వచ్చినా, ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది. మూడో నెల స్కోరును చూసి తీర్పు ఇవ్వకూడదు.

నిలుచున్న ఎత్తు నుంచి పడి భుజం విరిగిన పెద్దవారికి ఎముక సాంద్రత పరీక్ష, దానికి తగ్గ మందు కూడా చికిత్సలో భాగమే. డిశ్చార్జి కాగితంలో ఇది తరచూ కనిపించదు. భుజం విరిగిన తర్వాతి ఏడాదిలో తుంటి విరిగే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. పైగా అప్పుడు ఒక చేయి స్లింగ్‌లో ఉండగా నడక తూకం కూడా తప్పి ఉంటుంది.